ఎదురు ప్రదక్షిణలు

ఆ లాంగ్ వీకెండ్‌కి తనీష్ కెనడాలో తమ మిల్టన్ ఊళ్లోని తెలుగు పెద్దవాళ్లను బస్సు నిండా ఎక్కించుకుని క్యూబెక్ సిటీ తీసుకొచ్చాడు. వాటర్లూలో చదువుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఇలాంటి పనులు నెత్తినేసుకునే రకం. పాత ఊళ్లో చౌక్‌లన్నీ నడిపించి చూపే గైడు కూడా తెలుగు పిల్లే అయ్యేసరికి అందరూ మురిసిపోయారు. పేరు వైదేహి, కాకినాడ పిల్ల. ఫ్రెంచి గడగడా మాట్లాడుతుంది.

మొదటి చౌక్ మధ్యలో ఫౌంటెన్, దాని మీద నిలబడిన ఒక స్త్రీమూర్తి. వైదేహి ఆ కథ చెబుతూ, ఫౌంటెన్‌ను ఎడమచేతి వైపు పెట్టుకుని నడక మొదలుపెట్టింది. అంతే, గుంపులోకెల్లా పెద్దావిడ కమలకుమారి గారు చెప్పులు విప్పేసి నిలబడిపోయారు. అమ్మవారిని కుడిచేతి వైపు ఉంచుకునే తిరగాలట. ఆవిడ అమ్మవారు కాదండీ అని వైదేహి మొత్తుకుంటూనే ఉంది. తనీష్ మాత్రం పెద్దావిడ చెయ్యి పట్టుకుని అటు నడిపించాడు. గుంపంతా ఆవిడ వెనకే కదిలింది. ఇటు నుంచి వైదేహి, అటు నుంచి వీళ్లు, చివరికి ఎదురెదురుగా తేలారు. ఆ పిల్ల చూసిన చూపుకి తనీష్ తల దించుకోవాల్సింది పోయి నవ్వాడు.

రెండో చౌక్‌లోనూ అదే తంతు. ఒకచోట తిరిగి ఇంకోచోట మానకూడదన్నారు కమలకుమారి గారు. ఈసారి తనీష్ ఎదురుపడడం కోసమే కాస్త తొందరగా నడిచాడనుకోండి.

వైదేహి అతన్ని పక్కకు పిలిచింది.

"మీరు సాయానికొచ్చారా, నా పని తీయించడానికొచ్చారా?"

"రెండు చుట్లు తిరిగితే ఏమైతదండీ?"

"ఆ వెనకాల టోపీ పెట్టుకున్నాయన మా ఆఫీసాయన. ఇవాళ నాకు ట్రయల్ టూర్. పాసైతే ఇక్కడే జాబ్. లేకపోతే పెట్టె సర్దుకుని వాటర్లూలో మా అక్క దగ్గరకు పోవడమే."

వాటర్లూ అన్న మాటకి తనీష్ గుండె ఒక గంతేసింది. ఇంకొక్క చౌక్ మిగిలింది. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, ఈ పిల్ల నడుచుకుంటూ తన ఊరికే వస్తుంది. అలా అనుకుంటూ అటు చూశాడు. వైదేహి గోడవైపు తిరిగి, మూడో చౌక్‌లో చెప్పాల్సిన ముక్కలు తనలో తాను మళ్లీ మళ్లీ వల్లె వేసుకుంటోంది.

అతను వెళ్లి కమలకుమారి గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ" అని విసుక్కున్నారావిడ. "పిల్ల అన్నం కంటే నా ప్రదక్షిణ ఎక్కువా? పదండి, ఆ అమ్మాయి ఎటు నడిస్తే అటే."

మూడో చౌక్‌లో రాజుగారి విగ్రహం ముందు గుంపు గుంపంతా బుద్ధిగా వైదేహి వెనకే నడిచింది, చెప్పినదానికల్లా చప్పట్లు కూడా కొట్టింది. టోపీ ఆయన ఆ పిల్లకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

బస్సు బయలుదేరబోతుంటే వైదేహి మెట్ల దగ్గరకు వచ్చింది. తనీష్ చదువు వాటర్లూలోనన్న ముక్కతో సహా సంగతంతా పెద్దావిడ చెప్పేసినట్టుంది.

"ఫెయిలైతే మీ ఊరే వచ్చేదాన్నిగా. ఎందుకు అడ్డుపడ్డావు?"

తనీష్ ఒక మెట్టు కిందికి దిగాడు.

"వచ్చేదానివే. కానీ ఏడ్చుకుంట వచ్చేదానివి."

డ్రైవర్ హారన్ కొట్టాడు. వైదేహి తనీష్ చేతిలోంచి ఫోను తీసుకుని, తన నంబరు ఎక్కించి ఇచ్చింది.

"వచ్చే నెల అక్కను చూడ్డానికి వస్తా" అంది. "నవ్వుతూనే."