వరసలో ఆ చివర

ఉప్పెన వచ్చిపోయిన ఊళ్లో ముందుగా చేసే పని బురద తోడటం. సాయానికని సముద్రాలు దాటి వెళ్లేవాళ్లు ఏవేవో ఊహించుకుని వెళ్తారు. అక్కడ చేతికిచ్చేది ఒక బకెట్.

నేనూ మా బావా కలిసే వెళ్లాం. బావ అంటే మా అక్క భర్త. బ్యాంకు ఉద్యోగి. పార పట్టడం అక్కడికి వెళ్లాకే నేర్చుకున్నాడు. "మీ అక్కకి ఫొటోలు పంపకురా, ఇంటికెళ్లాక పెరడంతా నాచేతే తవ్విస్తుంది" అనేవాడు. మా జట్టుకి పెద్ద ఒక నర్సు. ఆ దేశంలో చాలా ఏళ్లుగా ఉంటోంది కాబట్టి వాళ్ల భాషా వచ్చు, మన భాషా వచ్చు. అందరం నర్సక్క అనేవాళ్లం.

ఆ రోజు మాకు అప్పగించింది వీధి చివరి ఇల్లు. ముందుగది కుట్టుపని దుకాణం. తుప్పుపట్టిన మిషన్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దాని వెనక ఇరుకు నడవ. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకుపోవాల్సిందే. నడవ చివర పడకగది, దానికి పెరట్లోకి ఒక కిటికీ.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. బట్టలు కుట్టే మనిషి. ఆవిడ చెప్పింది నర్సక్క మాకు చెప్పింది. నీళ్లు వచ్చినప్పుడు ఆవిడ భర్త కిటికీ మూయడానికని ఆ గదిలోకి పరిగెత్తాడు. మళ్లీ బయటికి రాలేదు. వెతికేవాళ్లు వచ్చి, ఇనప చువ్వలతో బురదలో పొడిచి చూసి, ఎవరూ లేరని వెళ్లిపోయారు. తెల్లారితే యంత్రం వచ్చి ఇల్లు కూల్చేస్తుంది. ఉన్నదంతా లారీల్లో ఊరి బయట గుంతలోకి పోతుంది.

"చెత్తతోపాటు ఆయన్ని పంపనంటోంది" అంది నర్సక్క. "చీకటి పడేలోపు ఆ గది ఖాళీ చేసి చూపిస్తే చాలంట."

"ఉంటాడంటావా అక్కా?" అన్నాడు బావ, ఆవిడకి తెలుగు రాకపోయినా గొంతు తగ్గించి.

"ఉన్నా లేకపోయినా ఆవిడ కళ్లతో ఆవిడ చూసుకోవాలిగా."

బురద తోడటానికి ఒక పద్ధతి ఉంది. వరసగా నిలబడాలి. లోపలి చివర ఉన్నవాడు పారతో నింపి ఇస్తాడు. నిండిన బకెట్ చేతులు మారుతూ వీధిలోకి పోతుంది, ఖాళీది అలాగే వెనక్కి వస్తుంది. నడవలో ఉన్నవాళ్లు మొహం గోడవైపు పెట్టుకుని, ఒక పక్క అందుకుని రెండో పక్క అందించాలి. మెడ తిప్పకూడదు. ప్రతిసారీ తిరిగి చూస్తే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. మొదటిరోజే నర్సక్క మా తలకాయలు పట్టుకుని గోడవైపు తిప్పి మరీ నేర్పింది.

లోపలి చివర బావ. గది గుమ్మం పక్కన, నడవలో నేను. నా తర్వాత మిగతా జట్టు.

మబ్బు పట్టింది. ఊళ్లో కరెంటు లేదు. నడవలో మధ్యాహ్నమే మసకచీకటి. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా ఉప్పు వాసన, నానిన చెక్క వాసన. వాటి అడుగున సన్నగా మరో వాసన, మాగిపోయిన పండులాంటిది. దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నా మొహానికి ఎదురుగా గోడ. నీళ్లు నిలిచిన గీత నా తలకన్నా ఎత్తున ఉంది. ఎడమవైపు పార దిగుతున్న చప్పుడు. పైకి లాగినప్పుడు బురద దాన్ని వదల్లేక వదిలినట్టు ఇంకో చప్పుడు.

పొద్దు వాలేసరికి పని ఊపందుకుంది. బకెట్లు తెరిపి లేకుండా వస్తున్నాయి.

"ఏం బావా, బ్యాంకులో ఎప్పుడైనా ఇంత పని చేశావా?"

పలకలేదు. అలిసిపోయాడనుకున్నాను.

ఇంకాసేపటికి తెలిసింది... పార చప్పుడు లేదు.

బకెట్లు మాత్రం వస్తున్నాయి. అంచుదాకా నిండి.

అందుకుంటుంటే వేళ్లు తగిలాయి. గ్లౌజు లేదు. చల్లగా, చాలాసేపు నీళ్లలో నానినట్టు మెత్తగా ఉన్నాయి.

"గ్లౌజులు వేసుకో బావా. గాజుపెంకులుంటాయి."

ఇంకో బకెట్.

అప్పుడు వీధిలోంచి బావ గొంతు వినబడింది. నర్సక్కని మంచినీళ్లు అడుగుతున్నాడు.

"కళ్లు తిరిగాయక్కా. కిటికీలోంచి దూకి పెరటివైపు కూలబడిపోయాను. మావాడికి చెప్పే ఓపిక కూడా లేకపోయింది..."

నా ఎడమ చేతికి బకెట్ అందింది.

తీసుకున్నాను. కుడివైపు ఇచ్చాను. ఇంకొకటి వచ్చింది. అదీ తీసుకున్నాను. మెడ తిరగడం లేదు. చేతులు ఆగడం లేదు.

"అక్కా..." అన్నాను. గాలే వచ్చింది. "అక్కా, లోపల ఎవరు?"

పక్కవాడు విన్నాడు. ఆ మాట వరసలో గుసగుసగా వీధిదాకా పోయింది. ఒక్కొక్కరే బయటికి జారుకుంటున్న అడుగుల చప్పుడు. వాళ్లకి ఎదురుగా ఒక్క మనిషి లోపలికి వస్తున్న చప్పుడు.

ఇంటావిడ నా పక్కన నిలబడింది. నా ముందునుంచి చెయ్యి చాపి, వస్తున్న బకెట్‌ని తనే అందుకుంది. కింద పెట్టింది. ఆ వేళ్లని మాత్రం వదల్లేదు. వాళ్ల భాషలో ఏదో ఒక చిన్న మాట అంది. ఆలస్యంగా ఇంటికొచ్చిన మనిషితో అన్నట్టు, కాస్త విసుగ్గా.

నేను పక్కకి తప్పుకున్నాను. ఆవిడ గదిలోకి వెళ్లింది.

వీధిలోకి వచ్చి పడ్డాక నర్సక్క నా భుజాలు పట్టుకుని కుదిపింది. "ఆవిడేది?"

టార్చి పట్టుకుని ముగ్గురం వెళ్లాం. నడవ చివర గుమ్మం లేదు. గుమ్మం ఉండాల్సిన చోట, గడపనుంచి పైకమ్మీదాకా, బురద. గోడలా నున్నగా ఉంది. అడుగుల జాడ లేదు, చేతుల జాడ లేదు.

"నేను నేలదాకా తోడాను" అన్నాడు బావ, తనలో తను. "నీలం పలకలు కనబడ్డాయి. నేలదాకా తోడాను..."

నర్సక్క అరచెయ్యి ఆనించి చూసి, వెంటనే తీసేసింది. "ఎండిపోయి ఉంది."

చీకటి పడేదాకా పిలిచాం. పారలతో కొట్టాం, పెళ్లలుగా కూడా ఊడలేదు. వెతికేవాళ్లని మళ్లీ రప్పించాం. వాళ్లు చువ్వలు దింపబోయారు, దిగలేదు. మా మొహాలు చూసి, వెళ్లి పడుకోమన్నారు.

తెల్లారాక యంత్రం వచ్చింది. మెల్లగా కొట్టమని దాన్ని నడిపేవాణ్ణి నర్సక్క బతిమాలింది. వాడూ మంచివాడే, మెల్లగానే కొట్టాడు. యంత్రం ఆ గది మట్టిని గడ్డ గడ్డగా పగలగొట్టి దించుతుంటే, మేం చేతులతో వెతికి చూశాం. ఆయన లేడు. ఆవిడ లేదు. చివరి లారీ వెనక నర్సక్క మలుపుదాకా నడిచి, వెనక్కి వచ్చింది.

వ్యాను ఎక్కబోతూ బావ ఆగిపోయాడు. ఎదురింటివైపు చూస్తున్నాడు. ఉప్పెన వచ్చిన రోజునుంచి ఆ ఇంటిని ఎవరూ ముట్టుకోలేదు. తలుపుకి అడ్డంగా నడుమెత్తు మట్టి బిగిసి ఉంది. కిటికీ కింద మాత్రం వీధిలోకి పచ్చి బురద కుప్ప. ఇంకా నీరు కారుతోంది. పార అంచు గీత ఎక్కడా లేదు. అన్నీ వేళ్ల గాట్లు. ఒకరివో ఇద్దరివో కావు. పెద్దవి, చిన్నవి, మరీ చిన్నవి.

బావ ఆ కుప్ప దగ్గరికి వెళ్లబోతే నర్సక్క చొక్కా పట్టుకుని ఆపింది.

కిటికీలోంచి ఇంకో ముద్ద వచ్చి పడింది.