అరవై ఒక్క పూతలు

"ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టు! ఏం చేస్తాండావ్ నువ్వు?"

నంద్యాలలో ఆనందరావు సౌండ్ సర్వీస్ అనే చిన్న కొట్టు ఆ కేకకు ఉలిక్కిపడింది. కేక వేసినవాడు జయప్రకాష్. ఎలక్ట్రిక్ గిటార్‌ను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చాడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్నది ఆనందరావు కూతురు సిరి. యాంప్లిఫయర్లు బాగుచేయడం నాన్న దగ్గర నేర్చుకుంది. పాత గిటార్ల వయసు కనిపెట్టే పిచ్చి మాత్రం ఆమె సొంతం.

"విప్పకుండా వయసెట్ల చెప్పాల్ల? సోది చెప్పాల్నా?"

"చెప్పేదేముంది? పంతొమ్మిది వందల అరవై నాలుగుది. మా జేజినాయన మత్తయికి ఒక దొర ఇచ్చిపోయినాడు. మా చర్చి మొదటి క్రిస్మస్‌కు దీన్ని రేడియోకు తగిలించి వాయించినాడంట. ఆ మాటే కాగితం మీద రాసియ్యి, సాలు."

"వయసు నువ్వే చెప్పి, సంతకం నన్ను పెట్టమంటాండావా? బలే ఉందే!"

తాత మాట వచ్చేసరికి జయప్రకాష్ గొంతు తగ్గింది. "ఆదివారానికి తేలాల్ల. మా సంఘపెద్ద సాల్మన్ రాజు అందరి ముందర అన్నాడు, మత్తయి కోతలు కోసినాడని. జేజినాయన పోయి నాలుగేండ్లాయ. జవాబు చెప్పనీకి లేడు గదా. మా జేజి అన్నం గూడా సరిగా తినడంల్యా."

సిరి మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకుంది. గిటార్ మీద నీలం ఎనామిల్ పెయింట్ దోసె మందాన ఉంది. మూత తీయబోతే దానిలోంచి ఒక పెచ్చు ఊడి బల్ల మీద పడింది. లోపల వాల్యూమ్ కంట్రోల్ వెనక అంకెలు అచ్చయి ఉన్నాయి. సిరి వాటిని ఫోటో తీసుకుంది.

"చివరి నాలుగంకెలు చూడు. ముందు రెండు సంవత్సరం, తర్వాత రెండు వారం. డెబ్బై ఎనిమిది, పద్నాలుగో వారం."

"అంటే?"

"అంటే మీ జేజినాయన అబద్ధం చెప్పినాడు."

మాట నోరు జారాక గానీ అదెంత పెద్ద మాటో ఆమెకు తెలియలేదు. జయప్రకాష్ గిటార్‌ను మళ్లీ దుప్పట్లో చుట్టుకుని, ఆ మధ్యాహ్నం వానలోకి గబగబా వెళ్లిపోయాడు.

వానలో వెళ్లిపోయిన అతని వీపు సిరిని ఆ రోజంతా వదల్లేదు. మర్నాడు బల్ల తుడుస్తుంటే ఆ పెచ్చు చేతికి తగిలింది. ఊరికే భూతద్దం కింద పెట్టి చూసింది. నీలం కింద తెలుపు, తెలుపు కింద గులాబీ, దాని కింద మళ్లీ నీలం... చారలే చారలు.

రిజిస్టర్‌లో నంబరు వెతికి ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఈ పెయింట్ ఏందప్పా?"

"నీకెందుకు?"

"చెప్పు ముందు!"

"ఏటేటా క్రిస్మస్‌కు చర్చికి రంగేస్తాం. మిగిలింది గిటార్‌కు పూస్తాం. మా ఆచారం. కరోనా ఏడాది గూడా తప్పలా."

ఎక్కడైనా పాత గిటార్ రంగు మీద గోరు గీత పడనివ్వరు. వీళ్లేమో దాన్ని కిటికీ తలుపుతో సమానం చేశారు! సిరికి నవ్వాగలేదు. నవ్వుతూనే నిన్నటి ఫోటో తీసి చూసింది. వాల్యూమ్ కంట్రోల్ మీది టంకం ఒక్కటే కొత్తది, మిగతావన్నీ పాతవి. పాడైతే ఎవరో మార్చారన్న మాట. ఒక్క ముక్క వయసు మొత్తం గిటార్‌కు అంటగట్టేసింది తను! అందరి ముందర పడిన మాటకు ఫోన్‌లో జవాబు చాలదనుకుంది.

ఆదివారం బస్సెక్కి, వానలో శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరింది. చర్చిలో ప్రార్థన ముగిసింది. "ఏమప్పా, తేలిందా?" అని సాల్మన్ రాజు అడుగుతున్నాడు. జయప్రకాష్ తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పు నాది!" వాకిట్లోంచే అరిచింది సిరి. "మత్తయిగారు చెప్పింది అబద్ధమని నేనే తొందరపడి అన్న్యా. ఈడ లెక్కపెట్టండి!"

పెచ్చు ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి, పాటలు చూపించే తెర మీద వేసింది. పైనుంచి లెక్క మొదలైంది. పదికల్లా పిల్లలు గొంతు కలిపారు, ఇరవైకి చర్చి మొత్తం.

"ఆ గులాబీ నా పెండ్లి ఏటిది!" అంది ఒకామె.

"యాభై తొమ్మిది... అరవై... అరవై ఒకటి!"

అట్టడుగున పచ్చరంగు. దాని కింద కంపెనీ వేసిన ఎర్ర వార్నిష్, ఆ కింద పెచ్చుకు అంటుకొచ్చిన కొయ్య పీచు.

"పోయిన క్రిస్మస్, రెండువేల ఇరవై నాలుగు నుంచి వెనక్కి అరవై ఒక్క క్రిస్మస్‌లు," అంది సిరి. "మొదటి పూత అరవై నాలుగో సంవత్సరంది!"

సాల్మన్ రాజు కళ్లజోడు తీశాడు. "ఆ పచ్చ మా నాయన తెచ్చినాడు. డబ్బా నేనే పట్టుకుంటి, చిన్నోన్ని. మరిసేపోయినా." ముందు వరుసలో కూర్చున్న మత్తయి భార్య, జయప్రకాష్ నాయనమ్మ కమలాక్షమ్మ దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాడు. "మత్తయన్న నిజమే చెప్పినాడక్కా. నన్ను క్షమించు."

కమలాక్షమ్మ ఏడుస్తూ నవ్వింది. జయప్రకాష్ గిటార్ తగిలించుకుని వాయించాడు. శ్రుతి అటూ ఇటూ పోయినా ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత వసారాలో, జల్లు మీద పడుతున్నా, సిరీ జయప్రకాషూ కదల్లేదు.

"సిరీ, నువ్వంటే నాకిష్టం."

సిరి అలవాటు ఊరుకోదుగా. "ఎప్పట్నుంచి?"

"మొన్న కోపంగా పోతి గదా. బస్టాండు దాకా కోపమే. శిరివెళ్ల దాటేతలికి కోపం యాడనో దిగిపోయింది, నువ్వు మాత్రం దిగలా."

"ఆధారం?"

"ఏం లేదు. నా మాటే."

అతని కళ్లలోకి చూసింది. ఈసారి విప్పి చూడాలనిపించలేదు.

"సాలు," అంది సిరి.

వెనక తలుపు దగ్గర కమలాక్షమ్మ దగ్గింది. "తడుస్తాండారు, లోపలికి రాండి. పాపా, మీ నాయన నంబరియ్యి. నేను మాట్లాడతా."