మట్టిలో దొరకని పిల్ల

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ టీవీ నోరు కాస్త మూయించండి. నేను చదువుకున్నదాన్ని కాను, సైన్సు ముక్క ఎక్కడన్నా తప్పు చెప్తే సర్దుకోండి. మనుషుల సంగతి మాత్రం పొల్లు పోనివ్వను.

మా పై వాటాలో ఎప్పట్నుంచో తల్లీకూతుళ్ళుంటారు. తల్లి బట్టలు కుడుతుంది. కూతురు డీఎన్ఏ లాబులో సైంటిస్టు. గుప్పెడు ఎముకలిస్తే ఇవి ఫలానావాళ్ళవని తేల్చేస్తుంది. ఇరవై ఏళ్ళ పరిశోధన, పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకునేది.

ఆ రోజు పొద్దున్న మెట్ల మీద వాళ్ళ మాటలు వినపడ్డాయి.

"నిన్నటిలా డబ్బా మూత తీయకుండా తెచ్చావంటే ఊరుకోను."

"ఆకలుండట్లేదమ్మా."

"ఎముకలతో కాపురం చేస్తే ఆకలెక్కడేడుస్తుంది!"

కూతురు నవ్వలేదు. ఆ రోజు ఆవిడ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలాలి మరి.

ఏం జరిగిందంటే, రోడ్డు వెడల్పు చేస్తూ కొండ వాలు తవ్వితే మగమనిషి ఎముకలు బయటపడ్డాయి. పక్కనే చిన్నపిల్లల కళ్ళజోడు, ఎడమ అద్దం బాగా మందం. అయ్యో, పిల్ల కూడా ఉన్నట్టుందే అని రెండు నెలలు మట్టి జల్లెడ పట్టారు. పిల్ల దొరకలేదు. ఆ కళ్ళజోడుని కాగితం కవర్లో పెట్టి, పైన నంబరు వేసింది మన సైంటిస్టమ్మే.

ఎముక పొడి చేసి చూస్తే, కంప్యూటరు ఈవిడ డీఎన్ఏ గుర్తులే చూపించింది! పనిలో ఎవరి ఉమ్మి తుంపరైనా పడితే పట్టుకోడానికి, అక్కడ పనిచేసే వాళ్ళందరి డీఎన్ఏ రాసిపెట్టుకుంటారట. రెండోసారి చేసినా అదే.

"నీ చెయ్యి శుభ్రంగా లేదు," అన్నాడు లాబు పెద్దసారు. "ఇరవై ఏళ్ళుగా నువ్వు తేల్చిన కేసులన్నీ తిరగదోడాలి. నీ మాట మీద జైలుకెళ్ళినవాళ్ళున్నారు, తెలుసుగా?"

మూడోసారి ఆవిణ్ణి గదిలోకి రానివ్వకుండా ఆయనే చేశాడు. దాని ఫలితం ఆ రోజే.

మిట్టమధ్యాహ్నం కూతురు ఇంటికొచ్చేసింది, వెనకాలే పెద్దసారు. తల్లి మిషను ఆపి లేచింది.

"ఊడిందా? ఊడితే ఊడింది. నా మిషనుంది, తిండికి లోటేం లేదు."

"ఊడలేదమ్మా," అన్నాడాయన తల దించుకుని. "తప్పు నాది. ఆమె తుంపర పడి ఉంటే గుర్తులు మొత్తం ఆమెవే రావాలి. వచ్చింది ప్రతిచోటా సగమే. బిడ్డకి తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం కదా. కంగారులో ఆ సంగతే చూడలేదు." జేబులోంచి దూదిపుల్ల తీశాడు. "మీరొకసారి నోరు తెరిస్తే ఉమ్మి తీసి చూస్తాను... ఆమెలో మిగతా సగం మీదని తేలితే..."

"దానికి నాన్న లేడు!" తల్లి కేక కింద నాకు వినిపిస్తే పైకి పరిగెత్తాను. "ముప్పై నాలుగేళ్ళ కింద ఎవతెతోనో పోయాడు. తెరవను నోరు!"

"ఎవరితో అమ్మా? నువ్వు చూశావా?"

"ఊరంతా చూసింది!"

"నువ్వు?"

తల్లి గోడకి ఆనుకుని జారి కూలబడింది.

"నువ్వు పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదివేదానివి. కళ్ళజోడు కొను, కొను అని మీ నాన్నతో నెల్లాళ్ళు మొత్తుకున్నా. ఆ రోజు జోరు వాన. కళ్ళజోడు లేకుండా ఈ గడప తొక్కకు అనేశా. తొక్కలేదు. ఎవతెతోనో పోయాడని ఎవరో అంటే ఆ మాటే గట్టిగా పట్టుకున్నా. నా మాటకే పోయాడనుకోవడం కన్నా అదే నయమనిపించింది."

కూతురు ఈ మాట పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ వినలేదు. చెయ్యి తన కళ్ళజోడు మీదికి పోయింది. ఇప్పటికీ ఎడమ అద్దమే మందం.

"సార్," అంది కూతురు. "ఇక మట్టి జల్లెడ పట్టించకండి. ఆ పిల్ల నేనే."

తల్లి పెద్దసారు వైపు తిరిగి నోరు తెరిచింది.

వారానికల్లా తేలిపోయింది. వానకి బస్సు ఆగిపోతే కొండదారిన నడిచొస్తుంటే చరియ విరిగి పడి ఉంటుందన్నారు. ఎముకల పెట్టె, కవరు ఇచ్చారు. తల్లి ఆ కళ్ళజోడుని మెత్తటి పీలికతో తుడిచి కూతురి మొహానికి పెట్టబోయింది. కణతల దగ్గరే ఆగిపోయింది.

"ఇంత మొహమే ఉండేదా నీది?" అని పొదివి పట్టుకుంది. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు.

తర్వాత తల్లి గుమ్మం బయటున్న పెట్టె దగ్గరికి వెళ్ళి, రెండు చేతులా ఎత్తుకుంది.

"తెచ్చావుగా. ఇంక లోపలికి రా," అంది.

'ఊరంతా చూసింది' అని తల్లి అంది కదా, ఆ ఊరంతాలో నేనూ ఉన్నాను. నేను చూసిందేం లేదు, ఎవరో చెప్తే నలుగురికి చెప్పాను. అందుకే అడుగుతున్నా, గుర్తుంచుకోండి నాయనా. అతను వెళ్ళిపోయాడని నేను ఎంతమందికి చెప్పానో, కళ్ళజోడు పట్టుకుని ఇంటికే వస్తున్నాడని మీరు అంతమందికీ చెప్పండి.