మొబైల్ లెవెన్ చెప్పిన నంబర్

ఏజెంట్ వీరబ్రహ్మం శవం గురువారం పొద్దున మస్కట్‌లోని అజైబాలో దొరికింది, ఆగి ఉన్న కారులో. తలకి హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి. కుడిచేతి వేళ్లకి గోళ్లు లేవు.

"అంటే నంబర్ చెప్పేసిండు," అన్నాడు మజహర్.

ఏజెంట్ ఇస్రాయేలుకి ఒళ్లు మండింది. "గోళ్లు ఊడబీకితే మీరైనా చెప్తారు, చీఫ్."

మజహర్ లోకం దృష్టిలో టైప్‌రైటర్లు రిపేరు చేసే హైదరాబాదీ. మస్కట్‌లో మన గూఢచారి విభాగానికి అతనే చీఫ్. తిట్టినా పొగిడినా మొహంలో మార్పు రాని మనిషి. అతని కింద పనిచేసినవాళ్లెవరూ అతన్ని ప్రేమించలేదు.

"సునో. నర్సింగ్ అని ఒక వెల్డర్. జగిత్యాల దిక్కోడు, సోహార్‌ల డ్యూటీ. వాని ఫోర్‌మన్ ఒక లాంచీకి దొంగ ట్యాంకు అతికించమన్నడు. అండ్ల పేలుడు సామాను పెట్టంగ నర్సింగ్ చూసిండు. మన పడమటి తీరానికి పోయే సరుకది. ఎవడు పెట్టిండో వేలుపెట్టి చూపించే సాక్షి వాడొక్కడే."

"ఎక్కడున్నాడు?"

"షినాస్‌ల ఒక ఖర్జూరం తోటల. బ్రహ్మం దాచిండు. ఆడ ప్రతి తోట గోడ మీద పంపు నంబర్ ఉంటది, నాలుగు అంకెలు. ఆ నంబర్ బ్రహ్మానికొక్కనికే ఎరుక. ఇప్పుడు వాన్ని చంపినోళ్లకు గూడ."

నర్సింగ్‌ని చంపడానికి వచ్చినవాడు షినాస్ ఎదురుగా సముద్రంలో పడవ మీద ఉన్నాడు. పని ముగించి అటునుంచటే మాయమవుతాడు. వాడికి ఫోన్ లేదు, రేడియో ఉంది. శుక్రవారం హామ్ రేడియో వాళ్ల, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల, కాంటెస్ట్. ఇరవై కార్లు రేడియోలు పెట్టుకుని బాతినా తీరం వెంట ఒక విలాయత్ నుంచి ఇంకో విలాయత్‌కి పరిగెడతాయి. విలాయత్ అంటే మన తాలూకా లాంటిది. అడుగుపెట్టిన ప్రతి విలాయత్‌లోనూ ప్రతి స్టేషన్‌తో ఒక్కసారి మాట్లాడొచ్చు, ఒక్క పాయింటు. రెండోసారి పలకరిస్తే అందరూ నవ్వుతారు. ఆ గోలలో తోట నంబర్ పడవకి చేరుతుందని మజహర్ అనుమానం.

"నువ్వూ పోటీల ఉంటవ్. తోడు గౌహర్."

"ఆ మనిషా? నాలుగేళ్లు అవతలివాళ్ల జీతం తిన్నది!"

"ఇప్పుడు మన జీతం తింటున్నది. నడువ్."

శుక్రవారం పది గంటలకి సోహార్ దాటుతున్నారు. ఇస్రాయేలు ఆయిల్ కంపెనీ ఇంజనీరు వేషంలో స్టీరింగ్ ముందున్నాడు. అంటించిన మీసం చెమటకి ఒకవైపు ఊడుతోంది. పోటీలో ఉన్న ఏ కారులోనూ ఏసీ నడవదు. ఏసీ వేస్తే రేడియోలో బరబర మొదలై ఎదుటివాడి మాట వినపడదు. అందుకని ఒమన్ ఎండలో అద్దాలు దించుకుని ఉడుకుతారు ఈ పిచ్చివాళ్లు. పక్కసీట్లో గౌహర్ మాత్రం నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్‌తో పెళ్లికి బయల్దేరినట్టు ఉంది. ఒడిలో లాగ్ షీటు, చేతిలో పెన్సిల్.

"ఊరికే గీతలు గీయక వినవే," అన్నాడు.

"నోరు అదుపులో పెట్టుకో. నీ కన్నా బాగానే వింటున్నా. అందరూ ఫైవ్ నైన్ అంటున్నారు. సగం మంది వినిపించనైనా వినిపించడం లేదు, అయినా ఫైవ్ నైన్. ఇదేం అబద్ధాల పోటీ?"

అది అక్కడి ఆచారం. సిగ్నల్ ఎలా ఉందో అంకెల్లో చెప్పాలని రూలు, కానీ టైమెవడికుంది? గొంతు గరగరలాడినా సరే అందరికీ పూర్తి మార్కులు, 'ఫైవ్ నైన్', పారేసి ముందుకెళ్తారు.

"ఒక్కడు తప్ప," అంది గౌహర్. "మొబైల్ లెవెన్, పదకొండో కారు. సోహార్‌లో ఒక పడవ స్టేషన్‌కి ఫోర్ త్రీ ఇచ్చాడు."

ఇస్రాయేలు లాగ్ షీటు లాక్కుని చూశాడు. రెండు వందల ఫైవ్ నైన్‌ల మధ్య ఒకే ఒక్క ఫోర్ త్రీ. కాంటెస్ట్‌లో నిజాయితీగా మార్కులేసేవాడు ఉండడు. వాడు పోటీ మనిషి కాదు.

"సగం నంబర్ వెళ్లిపోయింది," అన్నాడు. "ఒక విలాయత్‌లో ఒక్కసారే కదా పలకరించేది. మిగతా సగం తర్వాత వచ్చే లివాలో చెప్తాడు."

లివా చేరేసరికి మొబైల్ లెవెన్ ఒక తోట గోడ పక్కన ఆగి ఉంది. లోపల ఎర్రగడ్డం విదేశీయుడు, ఒళ్లంతా చెమట. ఇస్రాయేలు వంద గజాల వెనక బండి ఆపాడు. వాడి మీద ఇప్పుడే పడితే మిగతా అంకెలు తెలియవు, వాడు నోరు విప్పకపోతే నర్సింగ్‌ని వెతికేది ఎలా? వదిలేస్తే హంతకుడికి తెలిసిపోతుంది.

"వాడు మాట్లాడగానే అదే ఫ్రీక్వెన్సీలో ఈల వెయ్యి. పడవకి అర్థం కాకూడదు. నేను వాడి కిటికీ దగ్గర వింటాను."

"నన్ను రేడియోతో ఒంటరిగా వదిలిపోతావా?" గౌహర్ నవ్వింది. "నమ్మకం వచ్చిందా?"

"రాలేదు. ఇంకో దారి లేదు. ఏమైనా వేషాలేశావో, నిన్నిక్కడే పాతిపెడతా."

గోడ వారనే వంగి నడిచాడు. ఎర్రగడ్డం మైకు తీశాడు. "టూ సెవెన్."

వాడి స్పీకర్‌లో ఈల కూసింది. పడవ గొంతు: "ఎగైన్? ఎగైన్?"

"టూ సెవెన్!"

మళ్లీ ఈల. మళ్లీ ఎగైన్. వినపడనివాడితో ఎవరైనా చేసే పనే వాడూ చేశాడు. గొంతు చించుకున్నాడు. "టూ సెవెన్! టూ సెవెన్!" దించిన అద్దంలోంచి ఆ కేక పక్క తోటలో మేకలకి కూడా వినిపించింది.

నాలుగు మూడు రెండు ఏడు. ఇస్రాయేలు పిస్టల్ తీశాడు. సరిగ్గా అప్పుడే ఈల ఆగిపోయింది.

ఇస్రాయేలు వెనక్కి తిరిగి తమ కారు వైపు చూశాడు. 'అమ్మేసింది. దరిద్రపుది, అమ్మేసింది!' నర్సింగ్ చచ్చినట్టే.

స్పీకర్‌లో గౌహర్ గొంతు తియ్యగా పలికింది. "ఇక్కడ మొబైల్ నైన్. సాయం చెయ్యమంటారా? మొబైల్ లెవెన్ మీకు ఇస్తున్న నంబర్ ఫైవ్ వన్. ఫైవ్ వన్."

"ఫైవ్ వన్. థాంక్యూ, మొబైల్ నైన్," అంది పడవ.

ఎర్రగడ్డం అదిరిపడి మైకు నోటికెత్తాడు. వాడు 'నో' అనడానికి నోరు తెరిచేలోగా ఇస్రాయేలు కిటికీలోంచి చెయ్యి పెట్టి మైకు వైరు పీకేశాడు. రెండో చేత్తో పిస్టల్ మడమ వాడి కణత మీద దించాడు. బ్రహ్మం గోళ్లు గుర్తొచ్చి ఇంకోసారి దించాడు.

"ఫోర్ త్రీ ఫైవ్ వన్ ఎవరి తోట?" అడిగాడు కారెక్కుతూ.

"పోలీస్ పోస్టుది. మజహర్ ఇచ్చిన మ్యాప్ నువ్వు చూడలేదు, నేను చూశాను."

తుపాకీతో గోడ దూకిన హంతకుడికి అక్కడ పదిమంది పోలీసులు ఎదురయ్యారు.

నాలుగు మూడు రెండు ఏడు తోటలో పంపు గది తలుపు తడితే నర్సింగ్ పానా ఎత్తి పట్టుకుని బయటికొచ్చాడు. మూడు రోజులుగా తిండి లేదు. కళ్లు లోపలికి పోయాయి.

"ఎవల్రా నువ్వు? బ్రహ్మం సార్ చెప్పిన మాట చెప్పు. లేకుంటే పుర్రె పలుగుతది."

సంకేతపదం బ్రహ్మంతోనే పోయింది. కథ అల్లడానికి ఇస్రాయేలుకి మొదటిసారి మనసొప్పలేదు.

"ఆ మాట నాకు తెలీదయ్యా. బ్రహ్మాన్ని చంపేశారు. నువ్వెక్కడున్నావో చెప్పమని గోళ్లు పీకారు."

పానా మెల్లగా కిందికి దిగింది. నర్సింగ్ గడప మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇస్రాయేలు అతని పక్కన కూర్చున్నాడు. గౌహర్ కళ్లద్దాలు తీసి అటు తిరిగి నిలబడింది.

"సాయంత్రం ఫ్లైట్ ఉంది," అన్నాడు ఇస్రాయేలు.

"నా పాస్‌పోర్టు కంపెనీ కాడున్నది సారూ. ఎట్ల పోతా?"

ఇస్రాయేలు జేబులోంచి ఒక పాస్‌పోర్టు తీసి అతని చేతిలో పెట్టాడు. వీరబ్రహ్మం చనిపోయినట్టు ఎయిర్‌పోర్టు రికార్డులో ఇంకా ఎక్కలేదు. మజహర్ ఎక్కనివ్వలేదు.

నర్సింగ్ ఫోటో చూశాడు. వేలితో మెల్లగా తడిమాడు. "సార్ తెల్లగ ఉండె. నేను నల్లగ ఉంట. ఎవలన్న అడిగితే?"

"ఒమన్ ఎండలో డ్యూటీ చేశానని చెప్పు. ఇంకో ప్రశ్న అడగరు."