దోమలు బతికే ఉన్న గది

ప్రొద్దుటూరులో ఒక మేడ మీది బాడుగ గదిలో ఉండే అల్లాబక్ష్ అనే ఇంజనీరు చనిపోయాడు. మెట్ల మీద కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. పడకముందే అతని రెండు కళ్లూ కాలిపోయి ఉన్నాయన్న సంగతి మాత్రం రాసుకోలేదు.

మరునాడు పొద్దున ఆ గదిలో మలేరియా ఇన్‌స్పెక్టర్ వేషంలో నిలబడ్డ మనిషి పేరు జోయల్. ఖాకీ చొక్కా, భుజాన సంచి, చేతిలో రిజిస్టరు. నీళ్ల డ్రమ్ముల్లోకి తొంగిచూసేవాడి ముఖం ఎవరూ గుర్తుపెట్టుకోరు. పద్దెనిమిదేళ్ల ఇంటెలిజెన్స్ ఉద్యోగంలో అతను వేసిన వేషాలన్నింటిలోకీ సుఖమైనది ఇదే.

గోడకు నాలుగు మేకులు, వేలాడుతున్న వైరు మిగిలాయి. వాటికి తగిలించి ఉండాల్సింది అల్లాబక్ష్ తయారుచేసిన దోమల లేజర్. గదిలో ఎగిరే దోమను కెమెరా పట్టుకుంటుంది. రెక్కల వేగాన్ని బట్టి అది దోమేనని తేల్చుకుంటుంది. కంటికి కనపడని కిరణంతో కాల్చి పడేస్తుంది. ఆ యంత్రాన్ని తెల్లవారగానే కంపెనీ వాళ్లు వచ్చి విప్పుకుపోయారు.

"రాత్రంతా మిషన్ తిరగతానే ఉండింది నాయనా," అంది అతని తల్లి ఖమర్‌బీ. "ఒక్క దోమ కూడా సావలే."

జోయల్ చేతి మీద వాలిన దోమను చూశాడు. కొట్టలేదు. ఆ యంత్రం రాత్రంతా వెతికింది దోమలను కాదు.

"మీ వాడికి కంపెనీతో ఏమైనా గొడవ ఉండెనా అమ్మా?"

"మనిషి అడ్డమొస్తే మిషన్ ఆగిపోయేట్టు లాక్ పెట్టినాడంట. అది తీసేయమంటాండారు, నేను తీయనమ్మా అని చెప్తాండె." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "లాక్ సంగతి నాకేం తెలుస్తాది? ముందు అన్నం తినుబో అని చెప్పినా."

మైదుకూరు రోడ్డులో తెల్ల కారు ఆగి ఉంది. వెనక సీట్లో జోయల్ పై అధికారి ఆదినారాయణ. విజయవాడ నుంచి వచ్చినా చొక్కా ఇస్త్రీ నలగలేదు.

"కంపెనీ పేరు వెక్టాన్. పైకి దోమల బిజినెస్, లోపల విదేశీ ముఠా. ఆ లాక్ తీసేశారు. పవర్ పెంచారు. దోమ రెక్కల బదులు మనిషి కంటిపాపను టార్గెట్ చేశారు. చప్పుడుండదు, బుల్లెట్ ఉండదు. గదిలో ఎంతమంది ఉంటే అంతమందీ గుడ్డివాళ్లే."

"కొనేదెవరు?"

"అదే తేలాలి. రేపు పదకొండుకు పులివెందులలో డెమో. ఓ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో డెంగ్యూ వార్డు. ఉచితంగా యంత్రాలు బిగించాం, ప్రారంభోత్సవం అంటున్నారు. కొనేవాడు ఎక్కడో కూర్చుని లైవ్‌లో చూస్తాడు."

"పేషెంట్లు?"

"పద్నాలుగు మంది."

"మా ఊళ్లే ఎందుకు సార్?"

"ఇక్కడ చూపు పోతే షుగర్ అనుకుంటారు. జ్వరం తలకెక్కిందంటారు. ఎవడూ కెమెరా పట్టుకుని రాడు," అన్నాడు ఆదినారాయణ, వాతావరణం గురించి చెప్పినట్టు. "జమ్మలమడుగు బస్టాండులో మన మనిషి కలుస్తుంది. హాసిని. వెక్టాన్ పబ్లిక్ రిలేషన్స్ హెడ్. ఏడాదిగా మనకు పనిచేస్తోంది."

జమ్మలమడుగు జోయల్ పుట్టిన ఊరు. అతని తాత అక్కడి మిషన్ బడిలో పంతులు. ఆ సాయంత్రం సొంత ఊరి బస్టాండులో పరాయివాడిలా నిలబడి, సిమెంటు బెంచీ మీద కూర్చున్న ఆమెను చూశాడు. నల్లకళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, బస్టాండు వాసనను కూడా ఓడించిన సెంటు. అక్కడున్న ప్రతి మగవాడూ ఆమెనే చూస్తున్నాడు. ఎవరూ తనను అనుమానించకుండా ఆమె ఎంచుకున్న పద్ధతి అది.

"గండికోట బస్సు ఎన్నింటికండీ?"

"బస్సు పోయింది. దుమ్ము మిగిలింది."

కోడ్ సరిపోయింది. ఆమె న్యూస్‌పేపర్ మడతలో వార్డు మ్యాపు పెట్టి ఇచ్చింది. నాలుగు గోడలకు నాలుగు యంత్రాలు. కంపెనీ వాళ్లకు ఆకుపచ్చ గాగుల్స్. మిగతావాళ్లకు ఏమీ లేవు.

"ఇంకో సంగతి," అంది. "అల్లాబక్ష్‌ను చంపేస్తారని మీ ఆదినారాయణకు పదిరోజుల కిందటే రిపోర్ట్ పంపాను."

జోయల్ పేపరు మడవడం ఆపాడు. "ఏమన్నాడు?"

"కొనేవాడు బయటపడేదాకా కదలొద్దన్నాడు." అంతవరకూ నున్నగా ఉన్న ఆమె మాట అక్కడ విరిగింది. "నేనూ కదల్లేదప్పా. నాదీ ఈ జిల్లానే, కమలాపురం. ఆ గదికి పోతే నాకు టీ కాచి ఇచ్చినాడు. చెప్పాల్సింది, చెప్పకుండా తాగొచ్చినా."

ఆమెను ఓదార్చాలని అతనికి అనిపించలేదు. తన డిపార్ట్‌మెంటును సమర్థించాలనీ అనిపించలేదు.

పులివెందులలో మరునాడు పది యాభైకి వార్డంతా ఫినాయిల్ వాసన. జోయల్ మలేరియా ఇన్‌స్పెక్టర్‌గానే లోపలికి వచ్చాడు. వరండాలో మునిసిపాలిటీ గఫూర్ ఫాగింగ్ మిషన్ దించుకుని, ఆవరణలో పొగ కొట్టమన్న ఆర్డరు కోసం చూస్తున్నాడు. కంపెనీ టెక్నీషియన్లు ఇద్దరు లాప్‌టాప్ ముందు ఉన్నారు. రిబ్బను దగ్గర హాసిని, ఆకుపచ్చ గాగుల్స్‌తో.

తలుపు పక్క మంచం మీద సెలైన్ ఎక్కుతున్న భారతమ్మ అనే ముసలావిడ జోయల్ చొక్కా పట్టుకుని లాగింది.

"ఏందప్పా, దోమల్ని సంపేకి ఇంతమంది వచ్చినారు? మా ఇంటెనక కాలవ తీపియ్యమంటే ఒక్కరూ రాలే."

జోయల్ చెవిలో సన్నగా గొంతు పలికింది. ఆదినారాయణ. "డెమో మొదలయ్యాక కొనేవాడు ముఖం చూపిస్తాడు. పదకొండూ రెండు దాకా ఆగు."

"మొదలయ్యాకనా? పద్నాలుగు మంది సార్."

"లెక్క నాకు తెలుసు. ఆగు."

పది యాభై తొమ్మిది. యంత్రాల మీది పచ్చలైట్లు ఎర్రబడ్డాయి. హాసిని అతని వంక చూసింది. తరవాత నిదానంగా నాలుగడుగులు వేసి, తన గాగుల్స్ తీసి భారతమ్మ కళ్లకు పెట్టింది. లాప్‌టాప్ దగ్గరివాడు తల ఎత్తాడు. ఇంక దాచడానికేమీ లేదు.

జోయల్ చెవిలోని ఇయర్‌పీస్ పీకి నేలకేసి కొట్టాడు. వరండాలోకి దూకాడు.

"గఫూర్ మామా, లోపల పొగ పెట్టు."

"లోపలా? రోగులుండారు గదా సార్."

"అందుకే."

గఫూర్ మిషన్‌ను భుజానికెత్తుకుని తలుపు వైపు తిప్పాడు. మిషన్ ఉరిమింది. తెల్లటి పొగ తలుపులోంచి గోడలా కదిలి లోపలికి పోయింది. మంచాలు మాయమయ్యాయి, యంత్రాల కెమెరాలు మాయమయ్యాయి. గడియారం ముల్లు పదకొండు మీదికి వచ్చేసరికి కంటిపాపలను వెతికే కిరణాలకు పొగ తప్ప మరేమీ దొరకలేదు.

ఒక్క కిరణం మాత్రం పొగ నిండడానికి క్షణం ముందే బయల్దేరింది. లాప్‌టాప్ దగ్గరివాడు తొందరపడి మీట నొక్కాడు. మూడో యంత్రం కింద గాగుల్స్ లేకుండా నిలబడ్డది హాసిని ఒక్కతే.

ఆమె ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నేల మీద కూర్చుంది. జోయల్ తడుముకుంటూ పోయి మెయిన్ స్విచ్ దించాడు. పద్నాలుగు మందీ దగ్గారు, తిట్టారు, కళ్లు నులుముకున్నారు. కిటికీలు తెరిచాక అందరికీ అందరూ కనపడ్డారు. టెక్నీషియన్లు ఇద్దరూ గేటు దగ్గర దొరికిపోయారు. కొనేవాడి స్క్రీన్ అప్పటికే నల్లబడింది.

"పద్నాలుగు మంది కళ్లు కాపాడావు, ఒక ముఖం పోగొట్టావు," అన్నాడు ఆదినారాయణ సాయంత్రం. "ఏది ఎక్కువో ఢిల్లీకి నువ్వే చెప్పుకో."

నర్సింగ్ హోమ్‌లో షార్ట్ సర్క్యూట్ అని పేపర్లలో వచ్చింది. నాలుగు యంత్రాలూ కోర్టుకు పోలేదు, డిపార్ట్‌మెంటు లాబ్‌కు పోయాయి. వాటి మీద పరిశోధన జరుగుతుందన్నారు. హాసిని కడపలో కంటి వార్డులో పోలీసు కాపలా మధ్య ఉంది. ఆమె ఎవరో తమకు తెలియదని డిపార్ట్‌మెంటు రాసిచ్చింది. జోయల్ పోతే కలవనివ్వలేదు.

అతను ప్రొద్దుటూరు పోయి, చెప్పకూడని సంగతంతా ఖమర్‌బీకి చెప్పాడు. ఆమె చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"అయితే మెట్ల మీద కాలు జారలేదు గదా?"

"లేదమ్మా."

"నా కొడుకు సూసుకోని నడుస్తాడని అందరికీ చెప్పినా. ఎవరూ నమ్మలే."

ఐదో రోజు జోయల్‌కు జ్వరం వచ్చింది. డెంగ్యూ. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మంచం మీది నుంచే మెడికల్ లీవుకు దరఖాస్తు పెట్టి, కారణం దగ్గర 'డ్యూటీలో ఉండగా, పులివెందుల' అని రాశాడు.

జవాబు ఆ రోజే వచ్చింది, ఆదినారాయణ సంతకంతో: "పులివెందులలో ఎటువంటి ఆపరేషనూ జరిగినట్లు రికార్డులలో లేదు. కావున తమరిని అక్కడ దోమ కుట్టడానికి అవకాశం లేదు."