గంప కింద గూడు

సంజన మొదటిసారి రిత్విక్‌తో మాట్లాడింది కోపంతోనే.

"గీ గంప ఎవరు కమ్మిన్రు?"

"నేనే మేడం. కుక్కలు తిరుగుతున్నయ్ గదా." మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

రుద్రంగి అవతల ఆ గడ్డిబీడు అతనిది. సిరిసిల్ల అమ్మాయి సంజన కోరుట్లలో గది తీసుకుని భరతపిట్టల మీద పరిశోధన చేస్తోంది. రోజూ స్కూటీ మీద వచ్చి, దూరంగా గొడుగు కింద కూర్చుని, నేలమీది గూడును బైనాక్యులర్స్‌లో చూస్తుంది. అన్నలు హైదరాబాద్ వెళ్లిపోయాక రిత్విక్‌కు పొద్దంతా కనిపించేది ఆ గొడుగొక్కటే. పలకరించే ధైర్యం లేదు. ఏదో ఒక సాయం చేద్దామని, ఇంట్లో కోడిపిల్లలను కమ్మినట్టే పిట్టపిల్లల మీద గంప కమ్మేశాడు.

"కోడి అయితే పిల్లలతోటే లోపలుంటది. వీటికి తల్లీ తండ్రీ బయటికెళ్లి మేత తేవాలె. ఎట్ల పోతయ్ లోపలికి?"

ముక్కున మిడతలతో రెండు పిట్టలూ గంప చుట్టూ తిరుగుతున్నాయి. రిత్విక్ గబగబా గంప తీసేశాడు. ఇద్దరూ వెళ్లి గొడుగు కింద కూర్చున్నారు. పిట్టలు మాత్రం దగ్గరికి రావడం లేదు. ఆ పిల్లలు చచ్చిపోతే ఈమె మళ్లీ తన మొహం చూడదని అతనికి భయం పట్టుకుంది.

చాలాసేపటికి తండ్రిపిట్ట దిగి మేత పెట్టింది. చినుకులు మొదలవగానే తల్లి పిల్లల మీద రెక్కలు పరచి కూర్చుంది. సంజన కళ్లు తుడుచుకుంది.

"పొద్దంత నాతోని మాట్లాడేటోళ్లు ఎవరూ లేరు మేడం. అందుకే గిట్ల చేసిన," అన్నాడు రిత్విక్.

"నాకు మాత్రం ఎవరున్నరు?" అని ఆమె గొడుగును అతని వైపు జరిపింది.

పిల్లలు గూడు విడిచాక మీరూ వెళ్లిపోతారా అని అడిగితే, అప్పుడు చూద్దామంది.

ఒకరోజు పొద్దున గూడు ఖాళీగా ఉంది. గొడుగు కూడా లేదు. చెప్పకుండానే వెళ్లిపోయిందనుకున్నాడు. ఇంత పెద్ద బీడులో తానొక్కడే మిగిలాడని ఏడుపొచ్చింది.

"కదలకు. తొక్కుతవ్."

సంజన గడ్డిలో బోర్లా పడుకుని ఉంది. అతని కాలి దగ్గరే ఒక పిల్ల నక్కి కూర్చుంది.

"దీనికింకా ఎగరరాదు. గూడు విడిచినా అమ్మానాన్న వెంటుండి మేపుతయ్. గూడు ఖాళీ అయితే అంతా అయిపోయిందనుకున్నవా?"

"ఇవి ఎగిరిపోయినంక గూడ నువ్వుండాలె," అన్నాడు రిత్విక్.

సంజన మెల్లగా లేచి బట్టలకంటిన గడ్డి దులుపుకుంది.

"మా అమ్మానాన్న సిరిసిల్లలనే ఉంటరు. వచ్చి అడుగు. గంప మాత్రం తేకు."