మిస్ మణి చల్లిన పేలాలు

"లారీ హుస్నాబాద్ తొవ్వ పడితే పెండ్లి దరువు. దౌల్తాబాద్ తొవ్వ పడితే సావు దప్పు. యాదుంటదా అక్కా?"

గాజులమ్మేవాడి వేషంలో ఉన్న ఇస్తారి ఆమె చేతికి గాజు ఎక్కిస్తూ గొంతు తగ్గించి అడిగాడు. అతను దొరల మీద పోరాడుతున్న సంఘానికి ఏరియా ఆర్గనైజర్. ఆమె బాలమణి, సంఘం సీక్రెట్ ఏజెంట్. 1948 ఎండాకాలం, సిద్దిపేట డాక్ బంగళా వెనుక గదిలో మిట్టమధ్యాహ్నం జరిగిన బ్రీఫింగ్ ఇది. హార్మోనియం పెట్టెలో దాచి తెచ్చిన ట్రాన్స్‌మిటర్ ఎడ్లబండి కుదుపులకు చచ్చి ఊరుకుంది. ఇక దిక్కు దప్పే. రెండు దారుల నడుమ గుట్టమీద కాచుకున్న దళానికి ఆ చప్పుడు వినబడుతుంది.

"యాదుంటది తమ్మీ," అంది బాలమణి.

గాజు విరిగి మణికట్టు చీరుకుంది. రక్తం వచ్చింది గానీ ఆమెకు నొప్పి తెలియలేదు. ఐదు నెలలుగా ఆమెకు ఏదీ తెలియడం లేదు.

వర్గల్ గుడిలో భజనలతో మొదలైన గొంతు అది. యుద్ధకాలంలో సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒక క్లబ్బులో చేరి, మిస్ మణి పేరుతో క్యాబరే ఆడింది. తెల్ల ఆఫీసర్లు టేబుళ్ళు చరిచేవారు. ఆ తర్వాత హార్మోనిస్టు నర్సయ్యను చేసుకుని, అతనితో ఊరూరా తిరిగి వెట్టిచాకిరీ మీద పాటలు కట్టి పాడింది. ఐదు నెలల కింద దొరల కిరాయి ఫౌజు నర్సయ్యను కాల్చేసింది. పీనుగ వెంట దప్పు మోగొద్దని ఫౌజు కెప్టెన్ సుధాకర్ హుకుం జారీ చేశాడు. దొంగసొత్తు మోసినట్టు చప్పుడు లేకుండా మోసుకుపోయారు.

ఇప్పుడామె మళ్ళీ మిస్ మణి. ఆమె నర్సయ్య భార్య అని కెప్టెన్‌కు తెలియదు. ఉత్తుత్తి రహస్యాలు నాలుగు చేరవేసేసరికి, సంఘంలో తన గూఢచారి అని మురిసిపోతున్నాడు. దొరల పార్టీల్లో ఆడుతోందని సొంత జనమే ఆమెను చూసి ఉమ్ముతున్నారు. ఉమ్మనీ అనుకుంది.

సాయంత్రం నాలుగింటికి వరండాలో పార్టీ మొదలైంది. ముఖ్య అతిథి మిస్టర్ రోసెల్, విమానాల్లో దొంగచాటుగా తుపాకులు దింపే బెల్జియం ముఠాకు నాయకుడు. పెరట్లో లారీ, లారీలో రెండు వందల స్టెన్ గన్నులు. అవి ఫౌజుకు చేరితే సంఘం ఊళ్ళు ఒక్కటీ మిగలవు.

లారీ హుస్నాబాద్ పోతుందని కెప్టెన్ ఆమె చెవిలో చెప్పాడు. చేతిరుమాలు తిప్పితే హుస్నాబాద్, తిప్పకపోతే దౌల్తాబాద్ అని ముందే అనుకున్నారు. ఆమె తిప్పింది. వాకిట్లో గడ్డిమంటకు దప్పు కాపుకుంటున్న సంఘం మనిషి పోశయ్య పెండ్లి దరువు ఎత్తుకున్నాడు. ఆనాడు నర్సయ్య పాడె ముందు నుంచి దప్పు గుంజుకున్నది ఇతని భుజం మీదినుంచే. మెరుపుల గౌనులో మిస్ మణి ఆడింది.

ఐదు నిమిషాలు గడిచాయి. డ్రైవర్ లారీ ఎక్కగానే కెప్టెన్ పకపకా నవ్వాడు.

"అందరికీ హుస్నాబాద్ అని చెప్పిన. ఆఖరి నిమిషం దాకా నేనెవరినీ నమ్మను మణీ. బండి పోయేది దౌల్తాబాద్."

దళం ఈపాటికి తప్పుడు దారికి దిగుతూ ఉంటుంది. పోశయ్య వాకిట్లో ఉన్నాడు, నడుమ తుపాకుల సిపాయిలు. ఒకసారి తిప్పిన రుమాలును రద్దు చేసే సైగ ఏదీ అనుకోలేదు. లారీ ఇంజను మొరాయించి, దగ్గి, అందుకుంది.

టేబుల్ మీద మందు గ్లాసుల పక్కన వంటమనిషి సాయవ్వ వేయించిన జొన్న పేలాలు కనబడ్డాయి. బాలమణి పిడికెడు తీసుకుంది. ఆడుతూనే మెట్లదాకా వచ్చి, తలవంచి, అడుగుకోసారి తన ముందు చల్లుకుంటూ నడిచింది. ఈ ప్రాంతంలో అలా పేలాలు చల్లేది పాడె ముందే.

పోశయ్య పుల్ల గాల్లో ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత సావు దప్పు మొదలైంది.

ఇది పెళ్ళి ఆట అనుకుని, తమ దేశంలోనూ పెళ్ళికి బియ్యం చల్లుతారని రోసెల్ సంబరపడి తానూ పిడికెడు చల్లాడు. హైదరాబాదులో పుట్టి పెరిగిన కెప్టెన్‌కు అన్ని దరువులూ ఒక్కటే, చప్పట్లు కొట్టాడు. సిపాయిలంతా పరాయి జిల్లాలవాళ్ళు. వంటింట్లో సాయవ్వ చేతిలో గరిటె మాత్రం ఆగింది. ఆమె కిటికీలోంచి బాలమణిని చూసి, పొయ్యివైపు తిరిగింది.

నర్సయ్యకు మోగని దప్పు ఇదే. బాలమణి హైహీల్స్ మీద నర్సయ్య వెంట నడిచింది. ఏడుపు రాలేదు. కానీ గాజు చీరిన చోట మంట పుట్టింది. చాలా నొప్పిగా ఉంది.

పొద్దు గూకకముందే ఒక సిపాయి సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. దౌల్తాబాద్ దారికి అడ్డంగా బండ్లు పెట్టి లారీ ఆపారట. పెట్టెలన్నీ దళం ఎత్తుకుపోయిందట. కెప్టెన్ జీపెక్కి పరుగెత్తాడు.

తెలుగు రాని రోసెల్‌కు ఇవేవీ ఎక్కలేదు. ఆ దరువు బాగుంది, తనకోసం మరోసారి వాయించమను అని ఇంగ్లీషులో బాలమణిని అడిగాడు. ఆమె పోశయ్యకు చెప్పింది.

"గిది ఒక్కొక్కలకు ఒక్కసారే కొడ్తం బిడ్డా," అన్నాడు పోశయ్య దప్పు భుజాన వేసుకుంటూ. "దొరగారి వంతు వచ్చిననాడు తప్పక కొడ్తనని చెప్పు."

బాలమణి తన మణికట్టు పట్టుకుని రోసెల్‌వైపు తిరిగింది. తప్పక వాయిస్తానని పోశయ్య మాట ఇస్తున్నాడని చెప్పింది. రోసెల్ థాంక్యూ అన్నాడు.